ఏర్వాడిలో తాళం పడ్డాక

గొలుసులతో కట్టేసిన మనుషుల ఫొటోలు ఏదో ఒక ఆశ్రమం నుంచో, దర్గా పక్కనున్న షెడ్డు నుంచో బయటికి వచ్చిన ప్రతిసారీ జరిగేది ఒకటే. అధికారులు వెళతారు, తాళం వేస్తారు, నిర్వాహకుడి మీద కేసు పెడతారు. మర్నాటి నుంచి వాదన మొదలవుతుంది. ‘ఇది మూఢనమ్మకం, మూసేయాల్సిందే’ అనేది ఒక పక్షం. ‘మూసేశారు సరే, ఇప్పుడు మేమెక్కడికి తీసుకుపోవాలి?’ అనేది రెండో పక్షం. ఈ రెండో ప్రశ్న అడిగేది ఆ మనిషిని అక్కడ వదిలి వెళ్లిన తల్లో, అన్నో. టీవీ చర్చల్లో కుర్చీలు మొదటి పక్షానికే దొరుకుతాయి.

1912 నాటి లూనసీ చట్టం, అంతకు ముందరి తెల్లదొరల పిచ్చాసుపత్రులు అందరూ ఏకరువు పెట్టేవే. వాటిని వదిలేద్దాం. నేటి తగవుకు మూలం తమిళనాడు రామనాథపురం జిల్లాలోని సముద్రతీర గ్రామం ఏర్వాడిలో ఉంది.

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అక్కడ ఒక ప్రైవేటు మానసిక రోగుల ఇంటికి నిప్పంటుకుంది. తాటాకుల పాక. లోపలివాళ్ల కాళ్లకు గొలుసులు. పరుగెత్తగలిగినవాళ్లు కూడా పరుగెత్తలేకపోయారు. పత్రికల వార్తలు చూసి సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. ‘25 మంది సంకెళ్ల రోగుల మరణం’ అని కేసుకు పేరు పడింది. ఆ తర్వాత మృతుల లెక్క 28కి చేరినా కేసు పేరు 25 దగ్గరే ఆగిపోయింది.

మంటల గురించి చాలామంది రాశారు. మలుపు మాత్రం మంటల్లో లేదు, ఆ తర్వాతి వారంలో ఉంది. ఆగస్టు 13న ఏర్వాడిలోని అలాంటి ఇళ్లన్నిటినీ ప్రభుత్వం మూసివేసింది. 500 మందికి పైగా రోగులు ఒక్కసారిగా సర్కారు చేతికి వచ్చారు. కొందరిని చెన్నై కీళ్పాక్‌లోని మానసిక ఆసుపత్రికి తరలించారు. చాలామందిని బంధువులకు అప్పగించారు. అంటే, ఇంట్లో చూసుకోలేక ఇక్కడికి తెచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చారు. ఆ బంధువుల ఇళ్లలో ఈ మధ్యకాలంలో ఏం మారిందని ఎవరూ అడగలేదు.

అసలు ఏర్వాడిలో రోగుల ఇళ్లు ఎలా పుట్టాయో తెలిస్తే ఆ అప్పగింత ఎంత అన్యాయమో అర్థమవుతుంది. ఏర్వాడి దర్గాలో నిద్ర చేస్తే గాలి, చేతబడి వదులుతాయని నమ్మకం. అక్కడి తీర్థం తాగించి, దీపం నూనె ఒంటికి రాస్తారు. రోగిని పగలు తాళ్లతో చెట్టుకు, రాత్రి గొలుసుతో మంచానికి కట్టేవారు. విడుదల చేయమన్న ఆజ్ఞ కలలో రావాలి. అది రావడానికి నెలలు పట్టవచ్చు, ఏళ్లూ పట్టవచ్చు. అన్నాళ్లు కూలి మానుకుని దర్గా దగ్గర కూర్చోగల కుటుంబం ఎక్కడుంది? అందుకే నెలకింత అని పుచ్చుకుని రోగిని ఉంచుకునే ఇళ్లు వెలిశాయి. వాటిలో చాలావాటిని నడిపింది కూడా తమ వాళ్లకు నయం కావాలని ఒకప్పుడు అక్కడికి వచ్చినవాళ్లే. వాళ్లు కొట్టారు, కట్టేశారు, దానికి సమర్థన లేదు. కానీ ఆ ఊళ్లో కాపలా, కూడు, పడక మూడూ దొరికింది వాళ్ల దగ్గరే. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం 1993లోనే అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం లైసెన్సు ఉండాలి. ఆ ఎనిమిదేళ్లూ లైసెన్సు అడిగిన అధికారి కనబడలేదు.

2002 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. లైసెన్సు లేని సంస్థలను గుర్తించాలి, ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉండాలి. గొలుసులు వేయడం చట్టవిరుద్ధమని, రోగులను పంపవలసింది డాక్టర్ల దగ్గరికి గాని గుళ్లకో దర్గాలకో కాదని పల్లెల్లో ప్రచారం చేయాలి. మాట సరైనదే. కానీ గుడి ఊళ్లోనే ఉంది, డాక్టరు లేడు. తిరుచ్చి జిల్లా గుణశీలం ఆలయంలోనూ, మన నెల్లూరు జిల్లా ఎ.ఎస్.పేట దర్గాలోనూ మానసిక రోగులతో వచ్చి ఉండే కుటుంబాలన్నీ ఆసుపత్రి చూడనివి కావు. ఒకటి రెండు ఆసుపత్రులు తిరిగి, మందులు కొంతకాలం వాడి, కాస్త నెమ్మదించగానే మానేసి, జబ్బు తిరగబెట్టాక వచ్చినవాళ్లూ ఉన్నారు. లేని మాటలు వినబడి, భ్రమలు కమ్మే స్కిజోఫ్రెనియా జబ్బుకు మందు ఏళ్ల తరబడి వాడాలని, మానేస్తే తిరగబెడుతుందని చెప్పే మనిషి ఊళ్లో లేకపోవడమే అసలు సమస్య.

ఆ మనిషిని పెట్టే ప్రయత్నం ఏర్వాడికి ముందే మొదలైంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ మన పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో చేసి చూపిన పద్ధతితో, 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభించింది. మొదటి నాలుగు జిల్లాల్లో మెదక్ ఒకటి, తిరుచ్చి మరొకటి. గుణశీలం ఉన్న ఆ తిరుచ్చే! మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా రావాలన్నది ఆలోచన. కాగితం మీద అది దేశమంతా పాకింది. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, చికిత్స అందనివారు రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని తేలింది. ఆ 12లో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు.

గుజరాత్ మరో దారి తొక్కింది. మెహసాణా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 2008లో ‘దవా, దువా’ (మందు, ప్రార్థన) పేరుతో మానసిక వైద్యుణ్ణి దర్గా ఆవరణలోనే కూర్చోబెట్టారు. రోగిని డాక్టరు దగ్గరికి పంపడం ఎలాగో దర్గా సేవకులైన ముజావర్లకు నేర్పారు. ప్రార్థన మానమని ఎవరినీ అడగలేదు. తర్వాత తమిళనాడు అదే పద్ధతిని ఏర్వాడికి తెచ్చింది. తాళం వేసిన చోటికే డాక్టరు రావడానికి పదేళ్లు పైనే పట్టింది.

ఇక 2018 మే 29 నుంచి అమలవుతున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. ఏ రూపంలోనూ గొలుసు వేయరాదని 95వ సెక్షన్ నిషేధించింది. అయినా మరుసటి ఏడాది జనవరిలోనే ఉత్తరప్రదేశ్‌లోని బదాయూలో రోగుల సంకెళ్ల వ్యవహారం సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. వార్తల్లో 95 గురించే మాట్లాడతారు. కుటుంబాలు అడిగే ప్రశ్నకు జవాబు 19లో ఉంది. ఇంటివాళ్లు లేరనో, రానివ్వరనో, బయట వసతి లేదనో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదు. సమాజంలో బతికే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చినవాళ్లు సొంతంగా బతికే దాకా ఉండే హాఫ్‌వే హోమ్‌లు, ఆశ్రయ వసతులు కల్పించాలి. నయమైన రోగుల పునరావాసంపై 2017లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలను నిలదీసింది. 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ దేశంలోని 46 ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల దుస్థితిపై నోటీసులిచ్చింది. నయమైనవారిని అక్రమంగా ఉంచేస్తున్నారన్నది అందులో ఒక ఆరోపణ. ఒకచోట దర్గా షెడ్డు, ఒకచోట సర్కారు వార్డు. రెంటిలోనూ మనిషి ఉండిపోవడానికి కారణం ఒకటే, బయట పడక లేకపోవడం.

2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. సలహా దొరుకుతుంది, ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. రాత్రికి రాత్రి షెడ్డు మూసేస్తే ఆ రోగిని పడుకోబెట్టే చోటు ఫోనులో దొరకదు.

రిజిస్ట్రేషన్ లేకుండా మానసిక ఆరోగ్య సంస్థ నడిపినవారికి మొదటిసారి రూ.5 వేల నుంచి రూ.50 వేల దాకా, మళ్లీ చేస్తే ఇంకా ఎక్కువ జరిమానా అని చట్టం వివరంగా రాసింది. హాఫ్‌వే హోమ్ పెట్టని రాష్ట్రానికి అలా విడిగా ఏ మొత్తమూ రాయలేదు.