బాబాయి నోట్లో ఆ ప్లాస్టిక్ తొడుగు సంగతి

చిన్నూకీ, బుజ్జితల్లికీ తాతయ్య ఆశీస్సులు.

పండక్కి వచ్చినప్పుడు బాబాయి పడుకోబోతూ నోట్లో ఏదో పెట్టుకున్నాడనీ, అదేంటని అడిగితే అందరూ నవ్వారే గాని ఎవరూ చెప్పలేదనీ బుజ్జి ఫోన్లో అలిగింది. అవి కట్టుడుపళ్ళా అని దాని ప్రశ్న. చిన్నూది ఇంకో ప్రశ్న: "నేనూ నిద్రలో పళ్ళు కొరుకుతానట కదా, మరి నాకెందుకు కొనరు?" రిటైరయ్యేదాకా డెంటల్ ల్యాబులో నా పని అలాంటివి చేయడమే కాబట్టి జవాబు నేనే రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది. తీరిగ్గా చదవండి.

బాబాయి పళ్ళన్నీ సొంతవే. పెట్టుకున్నదాన్ని నైట్‌గార్డ్ అంటారు. నిద్రలో కింది దవడ పళ్ళను పై పళ్ళకేసి నూరేస్తున్నాడు కాబట్టి మధ్యలో ఒక ప్లాస్టిక్ పొర అడ్డం పెట్టాం. అరిగితే అది అరుగుతుంది. చెప్పు అరిగితే కొత్త జత కొనుక్కోవచ్చు, పాదం అరిగితే ఏం చేస్తాం?

ల్యాబుకు మనుషులు రారు, వాళ్ళ పళ్ళ అచ్చులు వస్తాయి. డాక్టరు ఆల్జినేట్ పొడిని నీళ్ళలో కలిపి, ట్రేలో వేసి, పేషెంటు నోట్లో పెట్టి అచ్చు తీస్తాడు. అందులో మేం డెంటల్ స్టోన్ అనే జిప్సం పొడిని నీళ్ళతో కలిపి పోస్తే, గంట గడిచేసరికి ఆ మనిషి పళ్ళ వరస రాయిలా గట్టిపడి మా బల్ల మీద ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల చిన్న స్కానర్‌ని నోట్లో తిప్పితే చాలు, అచ్చు కంప్యూటర్లోకే వచ్చేస్తోంది. ఎలా వచ్చినా, బాగా పళ్ళు నూరేవాళ్ళ అచ్చు చూడగానే అనుమానం వచ్చేస్తుంది. కోరపళ్ళకు మొన ఉండదు, ఆకురాయితో రాసినట్టు చదునుగా ఉంటాయి. పై అచ్చునూ కింది అచ్చునూ కలిపి పట్టుకుని మెల్లగా ఒక పక్కకు జరుపుతూ పోతే, ఒకచోట పైదాని అరుగుడూ కిందిదాని అరుగుడూ అతికించినట్టు కలిసిపోతాయి. రాత్రిపూట దవడ ఎటు జరుగుతోందో అప్పుడు తెలుస్తుంది. ఆ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. మీ నాయనమ్మకు మాత్రం బల్ల నిండా ఎవరెవరివో పళ్ళు చూస్తే భయం.

పన్ను మీదుండే ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం. ఎముక కూడా దాని ముందు తక్కువే. కానీ ఎనామిల్‌ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పోతాయి. అందుకే విరిగిన ఎముక అతుక్కుంటుంది గాని అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. బాగా మందంగా ఉన్నచోట కూడా అది 2.5 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది, అంతే. అది అరిగిపోతే కిందున్న డెంటిన్ బయటపడుతుంది. డెంటిన్ పసుపుగా ఉంటుంది, మెత్తన, ఇంకా వేగంగా అరుగుతుంది. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది అప్పుడే. బాబాయికి ఇది మొదలైంది. దానికి తోడు పొద్దున లేవగానే కణతల దగ్గర నొప్పి, ఆవులించబోతే దవడ పట్టేసినట్టు ఉండటం. నమలడానికి వాడే పెద్ద కండరాలు బుగ్గల్లోనూ కణతల్లోనూ ఉంటాయి, అవి రాత్రంతా ఓవర్‌టైం చేస్తే నొప్పి పుట్టదా మరి?

ఎందుకు కొరుకుతాడంటారా? మనం రాత్రంతా ఒకేలా నిద్రపోం. మనకు తెలియకుండానే మెదడు మధ్యమధ్య కొన్ని సెకన్లపాటు మెలకువకు దగ్గరగా వచ్చి, మళ్ళీ నిద్రలోకి జారుతుంది. అలాంటప్పుడే ముందు గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, ఆ వెంటనే దవడ కండరాలు బిగుసుకుంటాయి. నిద్రను రికార్డు చేసే పరీక్షల్లో ఈ వరస కనిపిస్తుంది. పళ్ళు వంకరగా ఉండటమే అసలు కారణమని ఒకప్పుడు గట్టిగా నమ్మి, పళ్ళను అరగదీసి సరిచేసేవాళ్ళు. ఇప్పుడు ఆ మాట వెనక్కి పోయింది. టెన్షన్, కాఫీ, సిగరెట్, మద్యం, డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మాత్రలు, గురకతో ఊపిరి ఆగిఆగి రావడం, ఇవన్నీ కొరుకుడును పెంచుతాయి. కొన్ని కుటుంబాల్లో వంశంలోనే వస్తుంది. 2021లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ అక్కడి డెంటిస్టులను అడిగితే, కరోనా మొదలయ్యాక పళ్ళు కొరికే పేషెంట్లు పెరిగారని 70 శాతం పైగా చెప్పారు. మన బాబాయికి రాత్రి పదింటికి అమెరికా వాళ్ళతో మీటింగు, అది అయ్యేలోపు మూడు కాఫీలు. వేరే కారణం వెతకాలా?

నాయనమ్మ ఏమంటుందో మీకు తెలుసు: "కడుపులో నులిపురుగులున్నాయి, అందుకే కొరుకుతున్నాడు." మన ఊళ్ళల్లో అందరూ అనే మాటే. దానికి గట్టి ఆధారం లేదు. ఫిబ్రవరి 10న బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మాత్రం తప్పకుండా వేసుకోండి. అది పురుగులకు, పళ్ళ కోసం కాదు.

ఇక అసలు సంగతి. నైట్‌గార్డ్ పెట్టుకుంటే కొరకడం ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. మొదటి వారాల్లో కొందరికి తగ్గుతుంది, తర్వాత దవడ మళ్ళీ తన పని మొదలుపెడుతుంది. కొన్నాళ్ళు వాడిన గార్డులు ల్యాబుకు తిరిగొచ్చినప్పుడు వాటి మీద గీతలు, గుంటలు నేను చూశాను. ఆ గుంటలు పళ్ళకు పడాల్సినవి. గార్డ్ చేసే మేలు అదే, చిన్నదేం కాదు. కానీ గార్డ్ ఉంది కదా అని మూడు కాఫీలూ అలాగే తాగుతానంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంకొకటి, గురక గట్టిగా పెట్టేవాళ్ళు గార్డ్ చేయించుకునే ముందే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్న కొందరికి పై పళ్ళకు పెట్టే గార్డ్ వల్ల అది ఇంకాస్త పెరిగే అవకాశం ఉంది.

బాబాయిది గట్టి ఆక్రిలిక్‌ది, పై పళ్ళన్నిటినీ కప్పుతుంది. మెత్తవి కూడా ఉంటాయి. షీటును వేడిచేసి, అచ్చు మీద పరిచి, గాలి లాగేస్తే అతుక్కుపోతుంది. చేయడం తేలిక, పెట్టుకోవడమూ హాయి. అయితే మెత్తగా ఉందని కొందరి దవడ దాన్ని నమలడం మొదలుపెడుతుంది. బాగా నూరేవాళ్ళకు నా ఓటు గట్టిదానికే. ఆన్‌లైన్లో దొరికే, వేడినీళ్ళలో వేసి కొరికే రకం నాకు నచ్చదు. గార్డ్ సగం పని డాక్టరు కుర్చీలోనే జరుగుతుంది. రంగు కాగితం మధ్యలో పెట్టి కొరికించి, చుక్కలు అన్ని పళ్ళ దగ్గరా సమానంగా పడేదాకా గార్డ్ ఎత్తుగా ఉన్నచోటల్లా అరగదీస్తాడు. ఆ పని డబ్బాలో రాదు. ముందు పళ్ళను మాత్రమే కప్పేవి ఇంకా జాగ్రత్త. వాటిని డాక్టరు చూడకుండా నెలల తరబడి వాడితే వెనక పళ్ళు కిందికి దిగి, నోరు మూసినప్పుడు పళ్ళు కలిసే తీరే మారిపోవచ్చు.

బుజ్జీ, బాబాయి ఇంటికొచ్చినప్పుడు నువ్వు కనిపెట్టుకుని ఉండాల్సినవి కొన్ని. పొద్దున తీయగానే చన్నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడగాలి. వేడినీళ్ళు పోస్తే వంకరపోతుంది. పేస్టుతో తోమితే గీతలు పడతాయి, ఆ గీతల్లో మురికి చేరుతుంది. ఆరాక గాలి ఆడే డబ్బాలో పెట్టాలి. మీ టామీకి అందనీయొద్దు, లాలాజలం వాసనకు కుక్కలు వాటిని వెతికి మరీ నమిలేస్తాయి.

పగటి కొరుకుడు వేరే సంగతి, అది మన చేతిలో ఉంది. నోరు మూసుకుని ఊరికే కూర్చున్నప్పుడు పెదాలు కలవాలి గాని పళ్ళు కలవకూడదు, మధ్యలో కొద్దిగా సందు ఉండాలి. ఫోన్లో గేమ్ ఆడేటప్పుడు మీ ఇద్దరి దవడలూ ఎలా ఉన్నాయో ఈసారి చూసుకోండి. బాబాయి లాప్‌టాప్ మూలకు ఎర్ర చుక్క ఒకటి అంటించాను. అది కంటపడినప్పుడల్లా దవడ వదులు చేయాలని ఒప్పందం.

చిన్నూ, ఇప్పుడు నీ సంగతి. నీకు ఏడేళ్ళు. నీ వయసు పిల్లలు చాలామంది నిద్రలో పళ్ళు కొరుకుతారు, ఎక్కువమందికి పెద్దయ్యేకొద్దీ దానంతటదే పోతుంది. నీ పాలపళ్ళు ఎలాగూ ఊడేవే. కొత్తవి వస్తున్నాయి, దవడ పెరుగుతోంది. ఈ నెల సరిపోయిన గార్డ్ కొన్నాళ్ళకే పట్టదు, పైగా వచ్చే పళ్ళకు అడ్డం. అందుకే కొనలేదు, నీ మీద ప్రేమ తక్కువై కాదురా. అయితే నువ్వు నోరు తెరుచుకుని పడుకుంటావనీ, గురక కూడా పెడతావనీ మీ అమ్మ అంది. గొంతులో టాన్సిల్స్, ముక్కు వెనక అడినాయిడ్స్ పెరిగిన పిల్లలకు ఊపిరి సరిగ్గా ఆడక గురక, కొరుకుడు రెండూ రావచ్చు. ఈ ఉత్తరం అమ్మకు చూపించు. నువ్వు గాఢంగా నిద్రపోయాక శబ్దం వినపడేలా రెండు మూడు నిమిషాలు ఫోన్లో వీడియో తీయమను. పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అది చూపించాలి, నాకూ వాట్సాప్‌లో పంపమను.

మీ తాతయ్య