చీపురు మొక్క వైద్యం

ఆగస్టు వచ్చేసరికి స్కాట్లాండ్ కొండలు మైళ్ల కొద్దీ వంకాయ రంగుకు తిరుగుతాయి. దగ్గరికెళ్లి చూస్తే మోకాలెత్తు పొదలు. గట్టి పుల్లలు, వాటికి పొలుసుల్లా అతుక్కున్న చిట్టి ఆకులు, చివర్లలో బియ్యపు గింజంత పూలు. ఇదే హెదర్. శాస్త్రీయ నామం కల్లూనా వల్గారిస్. ఆ 'కల్లూనా' గ్రీకులో 'ఊడ్చి శుభ్రం చేయడం' అనే మాట నుంచి వచ్చింది. ఆ పుల్లల్ని కట్టగట్టి చీపుళ్లు చేసేవాళ్లు మరి.

చీపురొక్కటే కాదు. చెట్లు పెద్దగా పెరగని ఆ ఆమ్ల నేలల్లో కొండజనానికి చేతికందింది హెదరే. ఇంటికప్పూ అదే, తాడూ అదే, ఉన్నికి పసుపు రంగూ అదే, బీరులో వేసే దినుసూ అదే. అన్నిటికీ వాడే మొక్కని మందుకు వాడకుండా ఉంటారా!

ఆ వాడకాల్లో నాకు బాగా నచ్చింది పరుపు. హెదర్ రెమ్మల్ని పూలు పైకి వచ్చేలా, వేళ్లు కిందికి ఉండేలా ఒత్తుగా పేర్చి, దాని మీద పడుకునేవాళ్లు. స్కాట్లాండ్ చరిత్రకారుడు జార్జ్ బుకానన్ 1582లో అచ్చయిన తన గ్రంథంలో ఈ పరుపుని తెగ మెచ్చుకున్నాడు. ఈకల పరుపంత మెత్తగా ఉంటుందట, ఆరోగ్యానికి దానికన్నా మేలట. ఒంట్లోని అదనపు తేమను పీల్చేస్తుందట, సాయంత్రం నీరసంగా వాలినవాడు పొద్దున హుషారుగా లేస్తాడట. తేమ పీల్చే సంగతి ఆనాటి వైద్య సిద్ధాంతం మాట. పగలంతా కొండలెక్కి దిగినవాడికి ఎండిన, మెత్తని పక్క దొరికితే ఏ సిద్ధాంతమూ లేకుండానే నిద్ర పడుతుంది.

రెండోది టీ. ఎండబెట్టిన పూల కొమ్మల్ని నీళ్లలో మరిగించి దగ్గుకు, నిద్రలేమికి, కీళ్లవాతానికి తాగేవాళ్లు. అన్నిటికన్నా ఎక్కువగా మూత్రంలో మంటకు, రాళ్లకు. మనవాళ్లు కిడ్నీలో రాళ్లనగానే కొండపిండి కషాయం అన్నట్టు, ఐరోపా పల్లెల్లో హెదర్ టీ అనేవాళ్లు.

ఈ మూత్రం సంగతి మరీ గాలికబురు కాదని అనిపించడానికి కారణం దాని చుట్టాలు. హెదర్‌ది ఎరికేసీ కుటుంబం. మూత్ర ఇన్ఫెక్షన్లకు పేరుపడ్డ క్రాన్‌బెర్రీ ఈ కుటుంబంలోదే. అదే స్కాట్లాండ్ కొండల్లో నేలబారుగా పాకే బేర్‌బెర్రీ కూడా ఇంతే. దాని ఆకుల్లోని ఆర్బుటిన్ ఒంట్లోకి వెళ్లాక హైడ్రోక్వినోన్‌గా మారి మూత్రంలో సూక్ష్మజీవుల మీద పనిచేస్తుంది. ఐరోపా మందుల సంస్థ ఆ ఆకును సంప్రదాయ మందుగా ఒప్పుకుంది, వారం దాటి వాడొద్దన్న షరతుతో. అన్నట్టు, ఈ కుటుంబానికి దక్షిణ భారతంలోనూ ఒక కొమ్మ ఉంది. నీలగిరి కొండల మీద పెరిగే వింటర్‌గ్రీన్ పొద ఇదే వంశం. నొప్పి బాములు మూత తీయగానే గుప్పుమనే వాసన దాని నూనెదే.

చుట్టాలు ఘనులైనంత మాత్రాన హెదర్ ఘనమైపోదు. 1992లో ఫ్రెంచి పరిశోధకులు హెదర్ పూల నుంచి ఉర్సోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, వాపును పెంచే ఎంజైములను అది అడ్డుకుంటుందని ప్రయోగశాలలో చూపించారు. వాతానికి వాడిన పాతవాళ్ల మాట నిజమైందని సంబరపడబోతే ఒక చిక్కు. ఈ ఆమ్లం నీళ్లలో కరగడమే కష్టం. టీ కాస్తే కప్పులోకి వచ్చేది నామమాత్రం. పైగా అది మన తులసిలోనూ ఉంది, ఆపిల్ తొక్కలోనూ ఉంది. ఇక మూత్రం మాటకొస్తే, వేడినీళ్లు రోజుకు నాలుగు కప్పులు తాగినా మూత్రం సాఫీగానే వస్తుంది. అందులో హెదర్ వాటా ఎంతో తేల్చాలంటే మనుషుల మీద సరైన పరీక్షలు కావాలి. మూలికల్ని ఒక్కొక్కటిగా వడపోసిన జర్మనీ ప్రభుత్వ నిపుణుల సంఘం 'కమిషన్ ఇ' హెదర్‌ను ఆమోదించని మొక్కల జాబితాలోనే పెట్టింది, పనిచేస్తుందనడానికి ఆధారాల్లేవని.

తేనె కథ వేరు. ఒకటో శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కోరిడిస్ హెదర్‌కు దగ్గరి చుట్టమైన ఎరికా ఆకుల్ని, పూలని పాముకాటు మీద కట్టమన్నాడు కానీ, దాని తేనె మాత్రం మంచిది కాదన్నాడు. పాముకాటు సలహాని ఎవరూ పాటించకండి. తేనె విషయంలో కాలం ఆయన మాటని తిరగేసింది. హెదర్ తేనె ఇవాళ ఖరీదైన సరుకు. అందులోని ప్రొటీన్ వల్ల పట్టులో జెల్లీలా గడ్డకట్టి ఉంటుంది. కలిపితే జారుతుంది, వదిలేస్తే మళ్లీ బిగుస్తుంది. మామూలు తేనెలా గిర్రున తిప్పి తీద్దామంటే రాదు, పట్టుని పిండాలి. తేమ కూడా ఎక్కువే. ఐరోపా చట్టం మామూలు తేనెకు 20 శాతం తేమ దాటనివ్వదు, దీనికి మాత్రం 23 దాకా వదిలేసింది.

ఆ మకరందంలోనే అసలు మందు బయటపడింది, మనకు కాదు, బంబుల్‌బీలకు. ఒళ్లంతా నూగుతో బొద్దుగా ఉండే ఈ ఈగల పేగుల్లో క్రిథిడియా బాంబి అనే ఏకకణ పరాన్నజీవి చేరుతుంది. మనుషులకు కాలా అజార్ జ్వరం తెచ్చే లీష్మానియా అనే క్రిమికి ఇది చుట్టం. దీనికో కొరడా లాంటి తోక ఉంటుంది. దాంతోనే ఈగ పేగు గోడను పట్టుకుని వేలాడుతుంది. సోకితే వసంతంలో కొత్త గూడు కట్టాల్సిన రాణి చతికిలబడుతుంది. 2019లో లండన్ క్యూ గార్డెన్స్ వృక్షోద్యానం, రాయల్ హాలోవే విశ్వవిద్యాలయాల పరిశోధకులు హెదర్ మకరందంలోని 'కల్లూనీన్' అనే పదార్థం ఆ తోకను ఊడగొడుతుందని కనిపెట్టారు. తోక లేకపోతే పట్టు లేదు. వచ్చిన క్రిమి పేగులో నిలవలేక కొట్టుకుపోతుంది.

తోక ఊడేది మాత్రం పేగులో కాదు. ఈగ మకరందాన్ని దాచుకునే సంచి ఒకటి పేగుకు ముందే ఉంటుంది, మందు పని అక్కడే. పేగులోకి దిగేసరికి కల్లూనీన్ జీర్ణమై మారిపోతుంది. అందుకే రోగం ముదిరాక తాగడం కన్నా, సోకే వేళకి సంచిలో మకరందం ఉండటమే ముఖ్యం. క్రిథిడియా ఒక ఈగ నుంచి మరో ఈగకు అంటుకునే చోట్లలో ముఖ్యమైనవి పూలే. ముందొచ్చిన ఈగ రెట్టతో క్రిమిని వదిలి వెళ్తుంది, తర్వాత వచ్చింది ఆ పువ్వు మీదే వాలి మూతి పెడుతుంది.