సంఘం మీటింగ్ వేరు, గ్రూప్ వర్క్ వేరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో సంఘం మీటింగ్ అంటే తెలియని ఊరు లేదు. డ్వాక్రా కాలం నుంచీ మన ఆడవాళ్లు చాప పరుచుకుని కూర్చోవడం, పొదుపు కట్టడం, అప్పు రాసుకోవడం నేర్చేసుకున్నారు. అందుకే సోషల్ వర్క్‌లో గ్రూప్ వర్క్ అని, ఒకే రకం కష్టమున్న కొద్దిమందిని కూర్చోబెట్టి ఒకరికొకరు సాయపడేలా చేసే పద్ధతి ఒకటుందంటే "మీటింగులే కదా మేడం, దానికి ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) ఎందుకు?" అంటారు. ఊరోళ్లు అంటే నవ్వి ఊరుకోవచ్చు. నిధులిచ్చేవాళ్లూ, ఫీల్డ్ వర్క్‌కి వచ్చే పిల్లలూ అదే మాట అంటుంటే రాయక తప్పడం లేదు.

అపోహ: ఫెసిలిటేటర్ (గ్రూపు నడిపే మనిషి) పని నాలుగు మంచి మాటలు చెప్పడం

మేడం వస్తోందంటే అంగన్‌వాడీలో ముందు బల్ల మీద గుడ్డ పరుస్తారు, కుర్చీ వేస్తారు, ఎదురుగా చాపలు వరసగా వేస్తారు. సగం పని అక్కడే చెడుతుంది. తాగుడు వల్ల లివర్ ఎట్లా పాడవుతుందో గంటసేపు చెప్తాం. తాగే మొగుడితో ఏళ్ల తరబడి కాపురం చేస్తున్న మనిషికి ఆ సంగతి మనం చెప్పాలా? ఆమెకు తెలియంది వేరే ఉంది. పక్కన కూర్చున్నావిడ ఇంట్లోనూ అదే గోల అని.

నగరి వైపు పవర్‌లూమ్ షెడ్లలో పనిచేసే ఇళ్ల ఆడవాళ్లతో ఒక గ్రూపు నడిచేది. ఒకావిడ, వారం కూలి మొగుడి చేతికి పోకముందే దక్కించుకునేందుకు పడే తిప్పలు చెప్పి ఆగింది. అందరూ నా మొహం చూశారు, సలహా వస్తుందని. "ఇది ఇంకెవరింట్లో జరుగుతా ఉంది?" అని మాత్రం అడిగాను. కాసేపు ఎవరూ పలకలేదు. "మాయింట్లో గూడా అంతేక్కా" అని ఒక గొంతు. ఇంకొకావిడ "నేను ఓనరుతో మాట్లాడి సగం కూలి నా చేతికే ఇప్పించుకుంటా ఉండా" అంది. "మీ ఇంటాయన ఒప్పుకున్యాడా?" అని వెంటనే అడిగింది మొదటావిడ. ఇక ఆ పూటంతా వాళ్ల మాట వాళ్లదే, నేను చాలామటుకు నోరు కట్టుకుని కూర్చున్నాను.

ఇదేం నేను కనిపెట్టింది కాదు. సభ్యులకు ఫెసిలిటేటర్ అవసరం ఎంతో, ఒకరి అవసరం ఒకరికి అంతే ఉంటుందనే ఆలోచనను విలియం ష్వార్ట్జ్ అనే సోషల్ వర్క్ ఆచార్యుడు 1961లోనే రాశాడు. పరస్పర సాయం అనే మాట మా చదువులో అక్కణ్ణుంచే స్థిరపడింది. అంతకు ముందే, 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం మొదలైంది. వాళ్లలో ఒకాయన డాక్టరే. డాక్టరుకు తాగుడు గురించి తెలియక తాగలేదు కదా.

అపోహ: గుండ్రంగా కూర్చోబెడితే అందరూ సమానమే

కుర్చీ తీసేసి చాప మీద కూర్చోవడం మంచిదే. అంతటితో పని అయిపోయిందనుకుంటేనే చిక్కు. గుండ్రంగా కూర్చున్నా ఎస్సీ కాలనీ నుంచి వచ్చినవాళ్లు వాకిలి దగ్గరే ఉంటారు, సర్పంచి ఇంటి కోడలు ఫ్యాను కింద ఉంటుంది. టీ గ్లాసులు ఏ వరసలో అందుతున్నాయో చూడండి, ఎవరికి స్టీలు గ్లాసు, ఎవరికి పేపరు కప్పు వస్తుందో చూడండి. గ్రూపు గురించి, బెరుకు పోగొట్టేందుకు మొదట్లో ఆడించే ఏ ఐస్‌బ్రేకర్ ఆటా చెప్పనిది అక్కడ తెలుస్తుంది.

దాని మీద ఉపన్యాసం ఇస్తే అందరూ తల ఊపుతారు, వచ్చే వారం మళ్లీ అదే వాకిలి. నేను చేసేది చిన్న పని. ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెప్పించి, ఒకే అంకె వచ్చినవాళ్లను జట్లుగా కూర్చోబెట్టి, తేల్చాల్సిన విషయం ఒకటి చేతిలో పెడతాను. జట్టు తరఫున చెప్పే మనిషి ప్రతిసారీ మారాలి. అందరికీ ఒకే రకం గ్లాసులుండాలని టీ పెట్టేవాళ్లకు ముందే చెప్పి ఉంచుతాను. నెలల తరబడి చేస్తే కొంత కదులుతుంది. మొత్తం మారిపోయిందని రిపోర్టులో రాసేవాళ్లను నేను నమ్మను.

అపోహ: మాట్లాడని మనిషికి ఆసక్తి లేనట్టే

"నువ్వు చెప్పమ్మా, నువ్వేం మాట్లాడడం లేదే" అని అందరి ముందూ వేలు చూపించడం ట్రైనింగులు తీసుకున్నవాళ్లు కూడా చేస్తారు. అత్త ఎదురుగా కూర్చుని ఉంటే కోడలు ఏం మాట్లాడుతుంది? అక్కడ అడగాల్సింది కోడల్ని కాదు, ఇద్దర్నీ ఒకే సెషన్‌కి ఎవరు పిలిచారని. కొందరు ఆలోచించుకుంటూ ఊరకుంటారు. కొందరికి పోయినసారి చెప్పిన మాట ఊరంతా తిరిగిన అనుభవం ఉంటుంది. నేను వరసగా ఒక్కో మాట చెప్పమంటాను, "వద్దు" అనే హక్కు అందరికీ ఉందని ముందే చెప్తాను. నోరు విప్పకుండానే, వచ్చే ప్రతిసారీ ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చే అవ్వలున్నారు. వాళ్లు పాల్గొనడం లేదని ఎట్లా అంటాం?

అపోహ: గొడవ పడితే గ్రూపు చెడిపోయినట్టే

పలమనేరు వైపు ఒక పొదుపు సంఘం. బ్యాంకు లింకేజీ లోను వచ్చింది. సమానంగా పంచాలని కొందరు, ఆవు కొనేవాళ్లకూ, పిల్లల కాలేజీ ఫీజు కట్టేవాళ్లకూ ఎక్కువ ఇవ్వాలని కొందరు. "పోయిన తడవ గూడా మీ పక్కోళ్లకే పోయింది" దాకా వచ్చింది మాట. "మేడం, ఎవురిది న్యాయమో మీరే చెప్పండి" అన్నారు. ఇక్కడ తీర్పు చెప్పామా, ఓడినవాళ్లకు మనం శత్రువులం, గెలిచినవాళ్లకు మనం చుట్టాలం. తీర్మానాల పుస్తకం తీయమన్నాను. అవసరాన్ని బట్టి ఇవ్వాలని వాళ్లే రాసుకున్నారు. రెండో లీడరు చదివింది. "అవసరం ఎవురు చూడాల?" అంది ఒకావిడ. అసలు గొడవ అదే. అప్పటిదాకా ఎవరూ ఆ ముక్క బయటికి అనలేదు. ముగ్గురు ఇళ్లకు పోయి చూసి రావాలని, ఆ ముగ్గురూ అప్పు అడగని వాళ్లయి ఉండాలని వాళ్లే తేల్చుకున్నారు.

గ్రూపు మొదట మర్యాదగా ఉంటుందనీ, తర్వాత పోట్లాడుకుంటుందనీ, ఆ తర్వాతే కట్టుబాట్లు కుదిరి పని జరుగుతుందనీ 1965లో బ్రూస్ టక్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు చెప్పింది మా వాళ్లందరికీ కంఠతా వచ్చు. అయితే ఆ దశలు రైలు స్టేషన్ల మాదిరి వరసగా రావు. లీడరు మారితే, కొత్తామె చేరితే మళ్లీ మొదటికి పోతుంది. గొడవ మంచిదే అని వదిలేయడమూ సరికాదు. మాట కులం మీదికో, మనిషి నడవడి మీదికో పోయిందంటే అక్కడికక్కడే ఆపాలి.

అపోహ: "ఇక్కడి మాట బయటికి పోదు" అని మనం మాటిస్తే చాలు

నేను మాటివ్వగలిగేది నా నోటికి మాత్రమే. ఊర్లో ఒకరి వదిన ఇంకొకరి పిన్నమ్మ కూతురై ఉంటుంది. అందుకే మొదటి రోజే, చెప్పిన మాట బయటికి పోయే అవకాశం ఉందనీ, ఎంత చెప్పాలో ఎవరికి వారే చూసుకోవాలనీ అంటాను. నీ మాట నీ ఇంట్లో చెప్పుకో, ఇంకొకరి మాట చెప్పొద్దు అనే కట్టుబాటు గ్రూపే పెట్టుకుంటే అది కొంత నిలుస్తుంది.

కిశోర బాలికల గ్రూపుల్లో ఇంకో సంగతి ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అదే నేరం. కాబట్టి "ఏది చెప్పినా దాచుతాను" అని ఆడపిల్లలకు మాటివ్వడం అబద్ధం చెప్పడమే. "నీకు ప్రమాదం ఉందని తెలిస్తే నేను దాచలేను. కానీ ఎవరితో చెప్తానో ముందు నీకే చెప్తాను" అనాలి. పద్దెనిమిది నిండకుండా పెళ్లి కుదిరిందని తెలిసినా ఇంతే. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద ఉంటే చాలదు, ఫోన్ చేస్తే ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ఇట్లా చెప్తే పిల్లలు నోరు మూసుకుంటారని టీచర్లు భయపడతారు. నేను చూసినంతలో కొందరు మూసుకుంటారు, చాలామంది ఇంకాస్త దగ్గరికి జరుగుతారు.

అపోహ: ఎంతమంది వస్తే అంత గొప్ప

మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఎనిమిది నుంచి పన్నెండు మంది. నలభై సంతకాలున్న రిజిస్టరు బహిరంగ సభది. బ్యానర్ ఫోటో తప్పదంటారా, మొదలుపెట్టక ముందే తీసేసి ఫోన్ సంచిలో వేయండి. ఎవరైనా ఏడుస్తుంటే ఫోటో తీసే ఫెసిలిటేటర్‌కి ఆ ఊర్లో మళ్లీ ఎవరూ ఏమీ చెప్పరు.

అపోహ: గ్రూప్ వర్క్ అంటే పది మందికి ఒకేసారి కౌన్సెలింగ్ చేసినట్టు

ఖర్చు కలిసొస్తుందని ఆఫీసులకు ఇష్టమైన లెక్క ఇది. ఒకరితో అరగంట మాట్లాడుతుంటే మిగతా తొమ్మిది మంది చూస్తూ కూర్చుంటారు. విడిగా కూర్చోవాల్సిన సమస్య వస్తే ఆమెను విడిగా కలవండి. గ్రూపులో ఆమె మాటను ఇంకొకరి మాటతో కలపడమే మన పని.

అపోహ: ప్రాజెక్టు అయిపోయిన రోజు గ్రూపూ అయిపోతుంది

టక్‌మన్ 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి ఐదో దశగా విడిపోవడాన్ని చేర్చాడు. మా దగ్గర ఎక్కువగా ఎగ్గొట్టేది దీన్నే. చివరి సెషన్ ఎప్పుడో రెండు మూడు సెషన్ల ముందే చెప్పాలి. కొందరు రావడం మానేస్తారు, కొందరు పాత సమస్య మళ్లీ మొదలైందంటారు. రెండూ మామూలే. "మళ్లా ఎప్పుడొస్తారు మేడం?" అని అడిగితే "వస్తా ఉంటాలే" అనకండి. వచ్చేది ఉంటే తేదీ చెప్పండి. లేకపోతే రానని చెప్పి, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ మనిషిని చివరి సెషన్‌కే పిలిపించి, నంబరు అందరి ఫోన్లలో ఎక్కించి రండి.