'బయాస్'కు పోర్చుగీసులో ఒక్క మాట చాలదు: అపోహలు - వాస్తవాలు

నేను ఇంగ్లీషు నుంచి పోర్చుగీసులోకి అనువాదాలు చేస్తాను. ఎక్కువగా బ్రెజిల్‌కు వెళ్లే మందుల కాగితాలు. ఈ పనిలో నన్ను బాగా ఏడిపించిన మాట 'బయాస్', అంటే ఒక పక్కకు మొగ్గడం.

అపోహ: బయాస్ అంటే 'ప్రెకోన్సెయ్తు'.

వాస్తవం: ప్రెకోన్సెయ్తు అంటే మనిషి మీద ముందే పెట్టుకున్న దురభిప్రాయం, చిన్నచూపు. మామూలు మాట కాదు. జాతి, రంగు విషయంలో ఈ చిన్నచూపు వల్ల జరిగే నేరాలకు బ్రెజిల్ 1989లో 7716 నంబరు చట్టం చేసింది. అందులో వాడింది ఈ మాటే. మందుల ట్రయల్‌లో బయాస్ సంగతి వేరు. కాస్త ఆరోగ్యంగా ఉన్న పేషెంట్లంతా కొత్త మందు గ్రూపులో పడ్డారనుకోండి, మందు ఉన్నదానికంటే బాగా పనిచేసినట్టు కనిపిస్తుంది. ఎవరికీ ఎవరి మీదా ద్వేషం లేదు, లెక్క ఒక పక్కకు ఒరిగింది. దీన్ని 'వియెస్' అనాలి. కొత్తలో నేను ఇలాంటి చోట ప్రెకోన్సెయ్తు అని రాశాను. "ఇక్కడ పేషెంట్లను అవమానించింది ఎవరు?" అని రివ్యూ చేసినాయన పక్కన రాసి పంపాడు. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

అపోహ: అయితే మనుషుల విషయంలో వియెస్ వాడకూడదు.

వాస్తవం: వాడతారు. ఆఫీసు ట్రైనింగుల్లో చెప్పే 'అన్‌కాన్షస్ బయాస్' (మనకు తెలియకుండానే మనసులో ఉండే పక్షపాతం) బ్రెజిల్‌లో 'వియెస్ ఇన్‌కోన్సియెంచి'. కానీ ఇంగ్లీషులో 'రేషియల్ ప్రెజుడిస్' (జాతి మీద చిన్నచూపు) అని ఉంటే వియెస్‌తో సరిపెట్టకండి. నా లెక్కలో అది తిట్టును తుమ్ముగా మార్చడమే.

అపోహ: బయాస్ ఎప్పుడూ చెడ్డదే.

వాస్తవం: టైలర్‌ను అడగండి. గుడ్డను ఏటవాలుగా కత్తిరిస్తే అది సాగుతుంది, మెడ గుండ్రానికి చక్కగా ఒదుగుతుంది. మనవాళ్లు క్రాస్ పట్టీ అనేదాన్నే బ్రెజిల్ టైలర్లు వియెస్ అంటారు. ఇంగ్లీషు బయాస్, పోర్చుగీసు వియెస్ రెండూ ఫ్రెంచి 'బియే' నుంచి వచ్చినవే. ఆ మాటకు ఏటవాలు అనే అర్థం.

అపోహ: 'ప్రెజుయీజు' అంటే ప్రెజుడిస్. చూడటానికి ఒకేలా ఉన్నాయిగా!

వాస్తవం: ప్రెజుయీజు అంటే నష్టం. కంపెనీ లెక్కల్లో లాభనష్టాలు రాసేచోట కనిపించేది ఇదే. జాతి ద్వేషానికి ఇది రాస్తే జాతికి నష్టం వచ్చిందన్నట్టు ఉంటుంది. ఇంకా తమాషా ఏంటంటే, ఇంగ్లీషు ఒప్పందాల్లో 'వితవుట్ ప్రెజుడిస్ టు' అని వస్తే 'సేన్ ప్రెజుయీజు జి' అని రాయడమే సరైనది. అక్కడ ఇంగ్లీషు మాటకు కూడా ద్వేషం అని కాదు, హక్కుకు నష్టం అని అర్థం. ప్రెజుడిస్, ప్రెజుయీజు రెండిటికీ మూలం లాటిన్‌లో 'ముందే ఇచ్చిన తీర్పు' అనే ఒకే మాట.

అపోహ: బ్రెజిల్‌కు రాసింది పోర్చుగల్‌కూ పంపొచ్చు.

వాస్తవం: అర్థం కాకపోదు. కానీ గణాంకాల్లో మనం వియెస్ అని రాసినచోట పోర్చుగల్ వాళ్లు 'ఎన్‌వియెజమెంతు' అని దిద్దే అవకాశం ఎక్కువ. అందుకే పని ఒప్పుకునే ముందు రేటు కంటే ముందు దేశం అడుగుతాను.