ప్లస్-ఈక్వల్ గొడవ: 2004లో పడిన ముడి

పైథాన్ లూప్‌లో += పెట్టి స్ట్రింగ్ (అక్షరాల వరుస) పేర్చితే తప్పేంటి, నా సిస్టమ్‌లో జాయిన్‌కు (ముక్కలన్నిటినీ ఒకేసారి కలిపే మెథడ్) దీటుగానే పరిగెడుతోందిగా అన్న వాదన కోడ్ రివ్యూల్లో మళ్లీ రాజుకుంది. పైథాన్‌లో స్ట్రింగ్ ఒకసారి తయారయ్యాక మారదన్నది, అందుకే ముక్క కలిపిన ప్రతిసారీ కొత్త కాపీ తీయాలన్నది తెలిసిన పాఠమే. అది వదిలేసి నేరుగా 2004 నవంబరుకు వెళ్దాం.

ఆ నెల వచ్చిన పైథాన్ 2.4లో సీపైథాన్ (ఎక్కువమంది వాడే అసలు పైథాన్) ఓ చిట్కా చేర్చింది. ఎడమవైపు స్ట్రింగ్‌ను ఆ ఒక్క వేరియబుల్ తప్ప ఇంకెవరూ పట్టుకుని లేరని రిఫరెన్స్ కౌంట్ (ఒక వస్తువును ఎన్నిచోట్ల పట్టుకున్నారన్న లెక్క) చెబితే, కొత్త కాపీ తీయదు. ఉన్న మెమరీనే పొడిగించి ముక్కను చివర అతికిస్తుంది. అంతకుముందు లెక్క వేరు. 100 అక్షరాల ముక్కలు 10,000 కలిపితే వచ్చేది 10 లక్షల అక్షరాలే. ప్రతి చుట్టులో మొదట్నుంచీ కాపీ చేస్తే మాత్రం సుమారు 500 కోట్ల అక్షరాలు కదలాలి. జాయిన్ మొత్తం పొడవు ముందే లెక్కేసుకుని, ఒక్కసారే చోటు తీసుకుని, ఆ 10 లక్షలతో సరిపెడుతుంది.

అదే ఏడాది జావా 5, ముక్కలు పేర్చడానికే స్ట్రింగ్‌బిల్డర్ అనే పనిముట్టును చేతికిచ్చింది. పైథాన్ చాటుగా సర్దుబాటు చేసింది. చాటుగా చేసినది చాటుగానే ఆగిపోతుంది. లోకల్ వేరియబుల్‌కు రాసిన += లైన్‌ను క్లాసులోకి తెచ్చి ఆబ్జెక్ట్ ఆట్రిబ్యూట్‌కు రాయండి: స్ట్రింగ్‌ను ఆబ్జెక్ట్ కూడా పట్టుకుని ఉంటుంది కాబట్టి మళ్లీ పూర్తి కాపీయే. బైట్స్‌కు (ముడి డేటా రకం) ఈ వెసులుబాటే లేదు, మార్చడానికి వీలున్న బైట్అర్రే వాడుకోవాలి. రిఫరెన్స్ కౌంట్ లేని PyPy అనే మరో పైథాన్‌లోనూ లేదు. యాభై ముక్కల టెస్ట్ డేటాలో ఇదేదీ బయటపడదు, అసలు డేటా వచ్చాకే తెలుస్తుంది.

దీన్ని నమ్ముకోవద్దని 2.4 విడుదల పత్రమే చెప్పింది. పైథాన్ కోడ్ శైలి నియమావళి పెప్ 8 కూడా అదే అంటుంది. నాలుగైదు ముక్కలకు += చదవడానికి తేలికనే మాట నిజమే; అయితే 2016లో పైథాన్ 3.6తో ఎఫ్-స్ట్రింగ్ (స్ట్రింగ్‌లోనే వేరియబుల్స్ పొదిగే పద్ధతి) వచ్చాక ఆ పనీ దానిదే.

మార్చడం పెద్ద పనేం కాదు: లూప్ ముందు ఖాళీ లిస్టు, లోపల అపెండ్, బయటికొచ్చాక ఒకే జాయిన్. లిస్టులో అంకెలుంటే జాయిన్ టైప్ఎర్రర్ ఇస్తుంది, ముందే స్ట్రింగ్‌గా మార్చుకోవాలి. జాయిన్‌ను లూప్ లోపలే పిలిచి అప్పటిదాకా చేరినదంతా ప్రతిసారీ కలిపితే పాత 500 కోట్ల లెక్కే తిరిగొస్తుంది.