ఒత్తు మీద పది రాగాలు

తిరుపతి

పాపకూ, అబ్బోడికీ తాత ఆశీస్సులు.

పోయిన నెల మీరొచ్చినప్పుడు నేను పెట్టిన ఆల్బం రెండు నిమిషాలు విని, "తాతా, అంతా ఒకటే మాదిరి ఉంది, మార్చు" అన్నారు. మార్చేశాను. మొదటిసారి నాకూ అట్లే అనిపించింది. ఐదారుసార్లు విన్నాక గానీ అది నన్ను పట్టుకోలేదు. ఎట్లా పట్టుకుందో మీకు చెప్పాలని ఉంది.

దాని పేరు 'టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ గారు చేశారు. హిందీ సినిమా పాటలకు గిటారూ, సింథసైజరూ వాయించిన మనిషి. రోలాండ్ కంపెనీవి మూడు యంత్రాలు పెట్టుకున్నారు. టీఆర్-808 తాళం వేస్తుంది, టీబీ-303 కింది స్వరాలు తిప్పుతుంది, జూపిటర్-8 మీద ఆయన చేత్తో రాగం వాయిస్తారు. పది రాగాలు, ఒక్కొక్కటి ఐదు నిమిషాల దరిదాపు.

మీకు విసుగు పుట్టించింది ఆ 303. నాలుగు స్వరాలు అమర్చి వదిలితే ఆపేదాకా అవే తిప్పుతుంది. ఇంట్లో ఒంటరిగా సాధన చేసే గిటారు వాళ్లకు తోడుగా ఉంటుందని చేశారు దాన్ని. అనుకున్నట్టు అమ్ముడుపోక కొన్నేళ్లకే తయారీ ఆపేశారు.

ఇక నా సంగతి. నా పదో ఏట మా నాయన నన్ను మేళంలో ఒత్తుకు నిలబెట్టాడు. నాదస్వరం వెనక ఒకే శ్రుతి ఊదడమే ఒత్తు పని. వేళ్లు ఆడించేది లేదు. బుగ్గల నిండా గాలి పట్టుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, చేతిలో వాయిద్యం ఒక్క క్షణం కూడా ఆగకుండా చూసుకోవాలి. పెళ్లి ఊరేగింపుల్లో రాత్రంతా అదే. దవడలు లాగేవి, ఏడుపొచ్చేది. ఎన్ని రాత్రులకో ఒకసారి, మా నాయన హిందోళం ఎత్తుకుంటే, నేను పట్టిన ఆ ఒక్క షడ్జం మీదికి ఆయన మధ్యమం వచ్చి వాలడం వినబడింది. అంతకుముందూ ఆయన అట్లాగే వాయించేవాడు. నాకే చెవి తెరుచుకోలేదు.

ఈ ఆల్బంలో నాకు జరిగిందీ అదే. 303ని ఒత్తు అనుకుని విన్నాను. అది కదలకుండా తిరుగుతుంటే పైన రాగం కదలడం తెలిసింది. హిందుస్తానీ వాళ్లు మాల్కౌంస్ అనే రాగం మన హిందోళమే. అది వస్తుంటే నా బుగ్గలు వాటంతట అవే బిగుసుకున్నాయి. ఇంకోసారి విన్నప్పుడు ఆ కింది స్వరాల్లోనే జారుడు పట్టుబడింది. 303లో స్లైడ్ అని ఒక ఏర్పాటుంది, ఒక స్వరం తెగకుండా పక్క స్వరంలోకి జారుతుంది. మన జారు గమకం లాంటిదే. హార్మోనియం మెట్ల మీద అది రాదు. ఇంకో మర ఉంది: తిప్పితే, మూసిన నోరు తెరిచినట్టు అదే స్వరం బొంగురు నుంచి పదునుకు వస్తుంది.

అప్పట్లో ఈ రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదట. 1987లో చికాగో కుర్రవాళ్లు అదే 303తో యాసిడ్ హౌస్ అనే సంగీతం తెచ్చారు. 2010లో ఈ ఆల్బం మళ్లీ వచ్చాక, ముందే బొంబాయిలో ఇట్లాంటిది జరిగిందా అని లోకం ఆశ్చర్యపోయింది. ఎవరు ముందు అనే పందెం నాకు అక్కర్లేదు. ఆ మనిషి యంత్రాన్ని కూర్చోబెట్టి దాని మీద రాగం పలికించిన ఓపిక మీద నాకు గౌరవం.

ఈసారి వచ్చినప్పుడు భూపాలీతో మొదలుపెడదాం. అది మన మోహనం. పాప నేర్చుకుంటున్న వర్ణం రాగమే కాబట్టి స్వరాలు దానికి తెలుసు. మొదటిసారి కింది స్వరాలు మాత్రమే వినండి, పైన ఏం జరుగుతున్నా పట్టించుకోవద్దు. రెండోసారి అబ్బోడు తాళం వేస్తాడు, పాప పైన రాగం పట్టుకుంటుంది. శ్రుతి నేను పడతాను.

మీ తాత