డబ్బా మీది జీబీలు చూసి కార్డు కొనకండి

చిరంజీవులైన పిల్లలకు పెదనాన్న ఆశీస్సులు.

సెలవుల్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల సముదాయం) వెళ్లి గ్రాఫిక్స్ కార్డు కొంటామంటున్నారుగా. వెళ్లే ముందు ఇది నిదానంగా చదవండి.

డబ్బా మీద రాసే జీబీలు వీడియో మెమరీవి, అంటే కార్డు సొంత మెమరీవి. అది ఎక్కువుంటే కార్డు వేగంగా ఉన్నట్టు కాదు, అందులో చోటు ఎక్కువున్నట్టు. జీటీ 730 అనే పాత కార్డులో 4 జీబీ డీడీఆర్3 (నెమ్మదైన పాత మెమరీ) రకం ఉంది. 2 జీబీల జీటీఎక్స్ 1050 దాన్ని చాలా వెనక్కి నెట్టేస్తుంది. అందుకే షాపులో "4 జీబీ కార్డు ఉందా" అని అడగొద్దు, చిప్పు పేరు చెప్పి అడగండి.

ఆ చోటును నింపేది రిజల్యూషన్, అంటే తెర మీది పిక్సెళ్ల సంఖ్య అనుకుంటారు. లెక్క వేయండి: 1920×1080లో దాదాపు 20 లక్షల పిక్సెళ్లు, ఒక్కోదానికి 4 బైట్లు, అంటే ఒక ఫ్రేమ్ (తెర మీద ఒక బొమ్మ) 8 ఎంబీ పైచిలుకు. 4కేలోనూ (3840×2160) 33 ఎంబీయే. ఇలా ఫ్రేములు దాచుకునే బఫర్లు గేమ్‌కు చాలానే కావాలి, కానీ ఎక్కువ మేసేవి టెక్స్చర్లు, అంటే గోడలకూ బట్టలకూ ముఖాలకూ తొడిగే బొమ్మలు. 4096×4096 టెక్స్చర్ కుదించకపోతే 64 ఎంబీ, బీసీ7 అనే పద్ధతిలో కుదించినా 16 ఎంబీ. రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టడం), ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు పుట్టించడం) పెడితే ఇంకా అదనం.

చోటు చాలకపోతే మిగిలిన సరుకు కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతుంది. అసలు చిక్కు ఇక్కడే. ఆర్టీఎక్స్ 4060కి సొంత మెమరీ నుంచి సెకనుకు 272 జీబీ అందుతుంది. ర్యామ్ నుంచి రావాలంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్, అంటే కార్డును మదర్‌బోర్డుకు కలిపే దారి ఒక్కటే. ఆ కార్డు అందులో 8 లేన్లే (వరుసలే) వాడుతుంది కాబట్టి పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 మదర్‌బోర్డులో సెకనుకు 16 జీబీ దాకా, బీ450 లాంటి 3.0 బోర్డులో 8 జీబీ దాకానే వస్తుంది. అందుకే సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములో) బాగానే కనబడుతున్నా కెమెరా తిప్పినప్పుడల్లా ఆట టక్కున ఆగి కదులుతుంది. కొన్ని గేములు ఆగవు గానీ టెక్స్చర్లు మసకగానే ఉండిపోతాయి.

ఇప్పుడున్న కార్డును ముందు పరీక్షించండి. ఓ 20 నిమిషాలు ఆడాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో జీపీయూ చూడండి. డెడికేటెడ్ మెమరీ (కార్డు సొంతది) నిండుగా కనిపించినంత మాత్రాన కంగారు వద్దు, గేములు ముందే చోటు పట్టి ఉంచుకుంటాయి. అది నిండి, షేర్డ్ (ర్యామ్ నుంచి వాడుకునేది) కూడా పెరుగుతూ, ఆట కుదుపులిస్తుంటే చోటు చాలట్లేదన్నమాట. బ్రౌజర్ మూసేయండి, టెక్స్చర్ క్వాలిటీ ఒక మెట్టు దించండి, గేమ్ మళ్లీ తెరవండి. చోటు సరిపోతున్నప్పుడు మాత్రం టెక్స్చర్లు దించొద్దు, ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగదు, బొమ్మ మాత్రం పాడవుతుంది.

వాలొరెంట్, సీఎస్2 లాంటివే 1080పీలో ఆడేవాళ్లకు 8 జీబీ చాలు. కొత్త పెద్ద గేములైతే 12 జీబీ చూడండి, ఇంటెల్ ఆర్క్ బీ580 కార్డులో అంత ఉంది. 1440పీ (2560×1440), రే ట్రేసింగ్ రెండూ కావాలంటే నా మాట 16 జీబీ. ఆర్టీఎక్స్ 5060 టీఐ, ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ అదే పేరుతో 8లోనూ 16లోనూ వస్తాయి, కాబట్టి బిల్లులో జీబీ రాయించుకోండి. మెమరీ చిప్పులు బోర్డుకు టంకంతో అతికి ఉంటాయి, తర్వాత పెంచుకోవడం కుదరదు.

సెకండ్‌హ్యాండ్ ఆర్టీఎక్స్ 3060 దొరికితే మంచిదే, కానీ అందులోనూ రెండు రకాలున్నాయి: 12 జీబీకి 192 బిట్ల బస్ (చిప్పుకూ మెమరీకీ మధ్య దారి వెడల్పు), 8 జీబీకి 128. డబ్బులిచ్చే ముందు షాపులోనే కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిపించి మెమరీ సైజు, బస్ విడ్త్ చూడండి. పాత చిప్పుకు బయాస్ (కార్డులోని మూల సాఫ్ట్‌వేర్) మార్చి కొత్త పేరు పెట్టిన కార్డయితే చాలాసార్లు పేరు ముందే 'ఫేక్' అని అది చూపిస్తుంది.

మీ పెదనాన్న